తెలిసి కూడ ఎందుకు చెప్పలే

హన్మకొండ చౌరస్తా నుంచి లోపలికి పోయే ఒక గల్లీల మాది చిన్న ప్రింటింగ్ ప్రెస్సు. 2011ల పెట్టిన. మొదట్ల నేను, ఒక సెకండ్ హ్యాండ్ మినీ ఆఫ్‌సెట్ మెషిను, ఒక కంప్యూటరు, గంతే. ఇప్పుడు నాతోటి కలిపి ఎనిమిది మందిమి. పెండ్లి కార్డులు, బిల్లు బుక్కులు, పాంప్లెట్లు, హాస్పిటల్ ఫైళ్ళు, స్కూలు డైరీలు, దశదినకర్మ కార్డులు, ఏది వస్తే అది కొడ్తం. మనుషులతోటి పని చేపిచ్చుడు గురించి ఇన్నేండ్లల నాకు గట్టిగ తెలిసింది ఒకటే ఒకటి ఉంది. షాపుల ఏదన్న తేడా కొడితే అది ఓనరు చెవుల ఎంత జల్ది పడ్తది అన్నదాని మీదనే మొత్తం నడుస్తది. ఇది తెలుసుకునేటందుకు నాకు ఆరేండ్లు పట్టింది, ఒక ముసలాయన కండ్లల్ల నీళ్ళు చూడాల్సొచ్చింది.

టీం నడిపే ముచ్చట్లు యూట్యూబ్‌ల, లింక్డ్‌ఇన్‌ల చాన మంది చెప్తరు, చాన మట్టుకు పెద్ద ఆఫీసులకు పనికొచ్చేటివి. ఎనిమిది మంది ఉన్న షాపుల హెచ్ఆర్ ఉండదు, మీటింగ్ రూం ఉండదు, పొద్దున షట్టరు లేపినకాడికెల్లి రాత్రి దించేదాక ఒకరి ముఖం ఒకరికి కనపడ్తనే ఉంటది. ఓనరు ముఖం ఎట్లుంటే ఆ రోజు షాపు అట్లుంటది. నేను చాన రోజులు ఈ సంగతి పట్టించుకోలే.

2017 మాఘమాసం. మా పని తెలిసినోళ్ళకు ఎరుకే, మూఢం ఉన్నన్ని రోజులు మెషిను మీద దుమ్ము పడ్తది, ముహూర్తాలు మొదలైతే ఇంటికి పోయి అన్నం తినే టైం కూడ ఉండదు. నర్సంపేట దిక్కు ఒక ఊరి నుంచి పెండ్లి కార్డుల ఆర్డరు వచ్చింది, 600 కార్డులు, కార్డుకు 18 రూపాయలు. ఖాళీ కార్డు డీలరు కాడ కొనుక్కొస్తం, దాని మీద మేము అక్షరాలు కొడ్తం, ఎండినంక మడత పెట్టి కవర్ల పెట్టి ఇస్తం. పెండ్లిపిల్ల మేనమామ వచ్చి ప్రూఫ్, అంటె కొట్టేముందు చూపిచ్చే నమూనా, చూసి సంతకం పెట్టి పోయిండు. మూడో రోజు డెలివరీ అయిపోయింది, పైసలు ముట్టినయి, ఇంకో ఆర్డర్ల పడ్డం.

వారం తిరగకముందే ఒక ముసలాయన వచ్చిండు. నెత్తికి రుమాలు, కండ్లద్దాలకు ఒక దిక్కు దారం కట్టి ఉంది, చేతుల కార్డు. కౌంటర్ మీద పెట్టి వేలు ఒక పేరు కింద ఆనిచ్చి "ఇది చదువు బిడ్డా" అన్నడు. చదివిన. పిల్ల తాత పేరు ముంగట "కీ.శే." అని ఉంది. "అది నేనే" అన్నడు. "నాకు సదువు రాదు బిడ్డా, నా మనుమరాలు చదివి ఏడ్వబట్టింది. పెండ్లి కార్డు మీద గిట్ల పడ్డది, ఏమన్న అయితదా అని దానికి బుగులు వట్టుకుంది."

నా నోట్లకెల్లి మాట రాలే. సంతకం పెట్టిన ప్రూఫ్ డ్రాయర్ల ఉంది. మా లైన్ల లెక్క ప్రకారం ప్రూఫ్ ఓకే అన్నంక తప్పు పార్టీదే, గిరాకీలతోటి అంతకుముందు నేను ఎన్నిసార్లు ఆ సంతకం చూపిచ్చి వాదించిన్నో. ఆ రోజు డ్రాయరు ముట్టుకోబుద్ధి కాలే. మెషిన్ ఆపుమన్న. డీటీపీ, అంటె కంప్యూటర్ల అక్షరాలు కొట్టే పని, చేసే చెల్లె లేచి నిలబడ్డది, ఆమె చేతులు వణుకుతున్నయి. ఎట్ల జరిగిందో నాకు అర్థమైంది, అర్జెంటుల పాత కార్డు ఫైలు ఓపెన్ చేసి దాని మీదనే కొత్త పేర్లు కొట్టింది, పాత కార్డుల ఉన్న "కీ.శే." అట్లనే మిగిలిపోయింది. పేరు మారింది, ముందున్న ఆ రెండక్షరాలు మారలే. అందరు చేసే పద్ధతే, ఏ ప్రెస్సుల చూసినా గదే.

అప్పుడు కటింగ్ మెషిన్ కాడికెల్లి తమ్ముడు ముంగటికి వచ్చిండు. పంతొమ్మిదేండ్ల పోరడు, మా షాపుల చేరి ఎనిమిది నెలలు. "అన్నా, నేను చూసిన" అన్నడు.

"ఏం చూసినవ్?"

"కీ.శే. అని ఉన్నది. మడత పెట్టేటప్పుడు చూసిన. మా ఊరి తాతనే. ఆ రోజు పొద్దున చాయ్ హోటల్ కాడ కూసున్నడు, చూసుకుంటనే బస్సెక్కిన."

"మరి ఎందుకు చెప్పలే రా?"

వాడు నా దిక్కు చూడలే, చెల్లె దిక్కు చూసిండు. "అక్కకు మొన్ననే అయిదు వందలు కోసినవ్ గదన్నా."

వాడు భయపడింది వాని కోసం గాదు. బిల్లు బుక్కుల మీద టిన్ నంబరు, అంటె జీఎస్టీ రాకముందు ఉన్న ట్యాక్సు నంబరు, తప్పు పడ్డదని అంతకు పది రోజుల ముందు అందరి ముంగట చెల్లెను తిట్టి 500 కోసిన. ఆమె ఇంటి కిరాయి ఎంతనో, మొగుని ఆటో కిస్తు ఎంతనో ఆ పోరనికి ఎరుకే, మధ్యాహ్నం టిఫిన్ గిన్నెలు కలిసే ఇప్పుకుంటరు కాబట్టి. మళ్ళ కోస్తనని సప్పుడు చేయకుండ ఆ 600 కార్డులు ఒక్కొక్కటి మడత పెట్టిండు. ప్రతి కార్డు మీద ఆ తాత పేరు చూసుకుంటనే. వాడు మంచోడు కాబట్టే దాచిండు. ఇది నన్ను చాన రోజులు నిద్రపోనియ్యలే, ఎందుకంటే నేను అప్పటిదాక అనుకున్నదేందంటే దాచేటోళ్ళంత పని దొంగలు అని.

ముసలాయన అన్నీ విన్నడు. పోయేటప్పుడు "పోరన్ని ఏమనకు బిడ్డా, అడిగితె నిజం చెప్పిండు గదా" అని నాతోటి అని, వాని భుజం మీద చెయ్యి పెట్టి పోయిండు.

అదే మోడల్ కార్డు వరంగల్‌ల స్టాకు లేదు. హైదరాబాద్ ఛత్తా బజార్ల తెలిసిన డీలరుకు ఫోన్ చేసి బస్సు పార్సిల్ల తెప్పిచ్చిన, రాత్రి రెండింటిదాక కూసొని అందరం కలిసి మళ్ళ కొట్టినం, పొద్దున నేనే బండి మీద పెట్టుకొని ఆ ఊరికి పోయి ఇచ్చొచ్చిన.

ఆ వారం రాత్రి పద్దు పుస్తకం ముంగటేసుకొని కూసున్న. ఒక ఏడాదిల తప్పుల పేరు మీద నేను కోసిన పైసలన్ని కూడితే 6,400 రూపాయలు. ఈ ఒక్క కార్డుల దెబ్బకే పన్నెండు వేలు దాటి పోయింది, అది కూడ కండ్లకు కనపడ్డ ఖర్చు మాత్రమే. మళ్ళ మా దిక్కు రాకుండ పోయిన పార్టీలు ఎంతమందో, ఎన్ని తప్పులు నా చెవుల పడకుండనే షట్టరు దాటిపోయినయో ఎట్ల లెక్క కట్టాలె. 6,400 మిగిలిచ్చుకుందామని షాపుల ఉన్న ఏడుగురి కండ్లకు నేనే గంతలు కట్టిన.

ఇక్కడ మా నాయిన ముచ్చట చెప్పాలె. నాయిన ఆజంజాహి మిల్లుల పని చేసిండు. వరంగల్లోళ్ళకు ఆ మిల్లు గురించి కొత్తగ చెప్పనవసరం లేదు, 1934ల నిజాం కాలంల మొదలైంది, ఎన్నో వేల ఇండ్లు దాని మీద బతికినయి, మా ఇల్లు కూడ. నాయిన సాంచల మీద, అంటె మరమగ్గాల మీద ఉండేటోడు. కార్డుల సంగతి చెప్పితె ఆయన నన్ను ఓదార్చలే, తిట్టలే. "పోగు తెగితే సాంచ ఆపాలె. ఆపకుంటె తెగిన పోగు మీదనే గజాలకు గజాలు నేస్తవు. ఆపినోన్ని సూపర్‌వైజరు తిడితే తెల్లారి వాడు తెగిన పోగును చూసి కూడ చూడనట్టే ఉంటడు" అన్నడు. చిన్నప్పటి నుంచి నాయిన మిల్లు ముచ్చట్లు ఎన్నో విన్న, ఈ మాట మాత్రం ఆ రోజే చెవికెక్కింది.

ఇదే సంగతి తర్వాత ఇంకో కాడ చదివిన. జపాన్ల సకిచి టయోడా అనే ఆయన 1924ల ఒక మగ్గం తయారు చేసిండు, పోగు తెగంగనే మగ్గం దానంతట అదే ఆగిపోతది. ఆయన కొడుకు పెట్టిందే టయోటా కార్ల కంపెనీ. ఆ కంపెనీ ఫ్యాక్టరీల లైను పొంటి ఒక తాడు ఉంటదట, ఎంత చిన్న వర్కరైనా తేడా కనపడితె గుంజొచ్చు, గుంజితె మనిషి వస్తడు, ఆ కాస్తల సంగతి తేలకుంటె లైను ఆగుతది. ప్రపంచం మొత్తం ఆ పద్ధతిని మెచ్చుకుంటది. నాకు మాత్రం అది చదువుతుంటె మా నాయిన మాటనే యాదికొచ్చింది. తాడు కట్టుడు ఏం పెద్ద పని, ఒక గంట పని. ఉత్తగ గుంజినోన్ని కూడ ఏమనకుండ ఉండుడు, అదే అసలు పని.

నాయిన ఆ మాట అన్న తెల్లారి అందర్ని కూసోబెట్టి మూడు మాటలు చెప్పిన. ఇయ్యాల్టి నుంచి తప్పుకు జీతం కోసుడు లేదు. తేడా కనపడితె ఎవరైనా మెషిన్ ఆపొచ్చు, నన్ను అడిగే పని లేదు. ఇప్పటిదాక కోసిన 6,400 ఎవరిది వాళ్ళకు ఈ నెల జీతంల కలిపిస్త. చప్పట్లు ఏం కొట్టలే. ఎవరు నమ్మలే కూడ, ముఖాలు చూస్తెనే తెలిసింది. మెషిన్ నడిపే కాక, నాకంటె పదిహేనేండ్లు పెద్దోడు, "సూద్దాం తియ్యి" అన్నడు. గంతే.

నమ్మకం ఎట్లొచ్చిందో చెప్త. ఇరవై రోజులకు ఒక స్కూలు అడ్మిషన్ల పాంప్లెట్లు నడుస్తున్నయి, 5,000 కాపీలు, పార్టీ మనిషి బయట ఆటో పెట్టుకొని నిలబడ్డడు. ఉన్నట్టుండి మెషిన్ ఆగింది. తమ్ముడు ఆపిచ్చిండు. "అన్నా, ప్ర రెండుసార్లు పడ్డది." చూసిన. "ప్రప్రథమంగా" అని ఉంది. అది కరెక్టే. ఆఫ్‌సెట్ మెషిన్ ఎరుకున్నోళ్ళకు తెలుసు, నడిచే మెషిన్ను ఆపితె ఇంకు, నీళ్ళ బ్యాలెన్స్ పోతది, మళ్ళ పట్టాల మీదికి తెచ్చేసరికి ముప్పై నలభై షీట్లు దండుగ, పావుగంట దండుగ. కాక నా ముఖం చూస్తుండు, చెల్లె మానిటర్ వెనకకెల్లి చూస్తుంది, బయట ఆటో హారన్ కొడ్తుండు. కడుపుల మండుతున్నది, అబద్ధమెందుకు. కాని ఆ ఒక్క నిమిషంల నేనేం అంటనో దాని మీదనే నేను చెప్పిన మూడు మాటలు బతుకుతయా సస్తయా అని నాకు తెలుస్తనే ఉంది. "మంచిగ ఆపినవ్ రా. ప్రప్రథమం అంటె అన్నిటికంటె మొదటిది అని. మాట కరెక్టే, డౌటొస్తె గిట్లనే ఆపు" అన్న. కాక ఏం అనకుండ ఇంకు రోలర్ మీద చెయ్యి వేసిండు.

పదిహేను రోజులు గాలే, అదే పోరడు బోరు బండి ఓనరు పాంప్లెట్ల ఫోన్ నంబరు లెక్కపెట్టి ఆపిండు. తొమ్మిదే అంకెలున్నయి. ప్రూఫ్ మీద మూడు సంతకాలున్నయి, నాది కూడ.

తప్పులు తక్కువ అయింది మాత్రం నా తోటి గాదు, చెల్లె తోటి అయింది. తిట్లు ఆగినంక ఆమె నోరు తెరిచింది, ఏండ్ల సంది మనసుల పెట్టుకున్నయన్ని చెప్పింది. పాత ఫైలు మీద కొట్టుడు బంద్ చేద్దాం, పేర్లేం లేని ఖాళీ ఫైలు ఒకటి పెట్టుకుందాం అన్నది. గిరాకీలు వాట్సాప్‌ల పంపే తెలుగు యూనికోడ్‌ల, అంటె ఫోన్ల ఉండే అక్షరాలల్ల ఉంటది, మేము ప్రెస్సుల వాడే అను ఫాంట్లల్ల చేస్తం, మార్చేటప్పుడు ఒత్తులు ఎగిరిపోతయి, ఒక అక్షరం పోయి ఇంకోటి పడ్తది, అందుకే మార్చినంక ఎవరు మార్చిన్రో వాళ్ళు గాకుండ ఇంకొకరు చదవాలె అన్నది. పేర్లన్ని పార్టీకి ఫోన్ల పైకి చదివి వినిపియ్యాలె, ప్రూఫ్ వాళ్ళ చేతికిస్తె చదవరు, వింటె మాత్రం చెవి పట్టుకుంటది అన్నది. ఇవన్ని ఆమెకు నాలుగేండ్ల సంది ఎరుకే. నేను అడగలే, అడగకుంటె చెప్పే వాతావరణం నేను ఉంచలే.

మా గల్లీల ఇంకో షాపు నడిపే అన్న ఉన్నడు, నాకు ఈ లైన్ల గురువసుంటోడు. ఆయన ఇప్పటికి అంటడు, "భయం లేకుంటె పని కాదు తమ్మీ, నువ్వు మెత్తగైనవ్, నెత్తికెక్కుతరు" అని. ఆయన మాట కొట్టిపారేయను, ఎందుకంటె భయంతోటి అయ్యే పనులు కూడ ఉన్నయి. తొమ్మిదింటికి రమ్మంటె తొమ్మిదింటికి వస్తరు. ఫోన్ చూసుకుంట కూసోరు. ఓనరు కండ్లకు కనపడే పనులన్ని భయంతోటి అయితయి. కాని ప్రెస్సుల నష్టం చేసేటియి ఓనరుకు కనపడయి, కార్డు మడత పెట్టే పోరని కండ్లకే కనపడ్తయి, అవి నా దాక రావాలంటె వాడు తెచ్చియ్యాలె. భయపెట్టి ఒకని చేతులు కదిలియ్యొచ్చు గాని వాడు చూసింది నాకు చెప్పియ్యలేను. ఇది పదిమంది ఉన్న సాఫ్ట్‌వేర్ టీమైనా, హాస్పిటల్ వార్డైనా, ఎనుమాముల మార్కెట్ల మిర్చి కాంటా పెట్టే అడ్తి దుకాణమైనా ఒకటే అని నేను వాదిస్త.

అట్లని అన్నిటికి సరే సరే అని ఊకున్న అనుకోవద్దు. 2019ల ఒకతన్ని తీసేసిన. రెండు రీంల బిల్లు బుక్కు పేపరు, అంటె వెయ్యి షీట్లు, తప్పు కొట్టిండు. అది చెప్పి ఉంటె ఏం అనేటోన్ని గాదు. పాడైన షీట్లు రద్దీల వేసొచ్చి, పేపరే తక్కువొచ్చింది అని నాతోటి చెప్పిండు, నేను పోయి పేపర్ సప్లయర్ తోటి లొల్లి పెట్టుకున్న, ఏ పాపం తెలియని మనిషిని అనరాని మాటలన్న. అసలు సంగతి బయటపడ్డంక కూడ మళ్ళ ఇంకో కథ చెప్పిండు. ఆ నెల పూర్తి జీతం ఇచ్చి పంపిచ్చిన. సప్లయర్ కాడికి పోయి తప్పయిందని చెప్పొచ్చిన. షాపుల ఎవరు ఆ పిల్లగాని తరఫున మాట్లాడలే, దాన్ని బట్టి నాకు అర్థమైంది, తప్పు చేసుడు వేరు దాచుడు వేరు అన్న ముచ్చట నాకంటె వాళ్ళకే గట్టిగ ఎక్కింది అని.

ఇంకోటి, నేను చాన ఆలస్యంగ తెలుసుకున్నది. కింద నుంచి తేడాలు పైకి రావాలంటె పై నుంచి కూడ కిందికి రావాలె. నా అప్పులు, రావాల్సిన బాకీలు, చిట్టీల ఇరుక్కున్నది, ఇవేవి షాపుల ఎవరికి చెప్పేటోన్ని గాదు, ఓనరు ఇజ్జత్ పోతదని. 2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ, దాని ఎన్కనే లాక్‌డౌన్. వైశాఖం పెండ్లిళ్ళు మొత్తం పోయినయి. తర్వాత పర్మిషన్ ఇచ్చినా 50 మందికంటె ఎక్కువ రావద్దన్నరు, యాభై మందికి కార్డెందుకు, ఫోన్ల చెప్పుకుంటరు. ఏప్రిల్ చివర్ల ఇగ తప్పలే, అందర్ని పిలిచి, దూరం దూరం కూసోబెట్టి, పద్దు పుస్తకం, బ్యాంకు పాస్‌బుక్కు రెండు బల్ల మీద పెట్టిన. ఇంత ఉన్నది, ఇంత కిరాయి, ఇంత కరెంటు బిల్లు, ఇట్ల అయితె పూర్తి జీతాలు రెండు నెలలకంటె ఎక్కువ రావు, సగం అయితె నాలుగు నెలలు ఆగుతం, మీరే చెప్పున్రి అన్న. చెప్పేటప్పుడు నా గొంతు పూడుకుపోయింది.

కాక పాస్‌బుక్కు చేతికి తీసుకొని చూసిండు. "నాకు సగం చాలు, నా పిల్లల పెండ్లిళ్ళు అయిపోయినయి. ఆ పోరనికి చెల్లె పెండ్లి ఉన్నది, వానికి పూర్తిగ ఇయ్యి" అన్నడు. వాళ్ళల్ల వాళ్ళే పది నిమిషాలు మాట్లాడుకొని ఎవరికెంత అని ఒక కాగితం మీద రాసిచ్చిన్రు. నేను రాసి ఉంటె అంత న్యాయంగ రాయకపోదును, ఎవరింట్ల పొయ్యి ఎట్ల ఎలుగుతుందో నాకంత తెల్వది. ఆ నాలుగు నెలలు ఒక్కరు కూడ షాపు ఇడిచిపెట్టి పోలే. బాకీ పడ్డ సగం జీతాలు తర్వాత ఏడాదిన్నరల కట్టిన, ఆఖరి కిస్తు కాకదే.

ఆ తర్వాత నుంచి ప్రతి నెల ఐదో తారీఖు పుస్తకం బల్ల మీదనే ఉంటది. మేడారం జాతర రెండేండ్లకు ఒకసారి మాఘంలనే వస్తది, అవే పెండ్లి ముహూర్తాలు, అందరికి సెలవు కావాలె, అమ్మవార్ల కాడికి పోకుండ ఎట్లుంటరు. 2024 ఫిబ్రవరి 21 నుంచి 24 దాక జాతర అయితె ఎవరు ఏ రోజు పోవాలె, ఎవరు మెషిన్ కాడ ఉండాలె అని వాళ్ళే రాసుకున్నరు, నాకు కూడ ఒక రోజు రాసిన్రు. అంతకుముందు జాతరలప్పుడు ఈ సెలవుల కాడనే పెద్ద పెద్ద గొడవలయ్యేటివి.

కటింగ్ మెషిన్ సంగతి చెప్పకుంటె ఇది పూర్తి కాదు. ఆ మెషిన్ల బ్లేడు దిగాలంటె రెండు చేతులతోటి రెండు బటన్లు ఒకేసారి ఒత్తాలె, చేతులు బ్లేడు కింద ఉండకుండ ఆ ఏర్పాటు. ఒక రోజు రాత్రి షట్టరు దించేటప్పుడు తమ్ముడు ఆగిండు. "అన్నా, ఒకటి చెప్పాలె. అర్జెంటుందని ఒక బటన్‌కు టేపు ఏసిన, రెండు రోజుల సంది ఒక చేతి తోటే కోస్తున్న. ఇయ్యాల వేలు జెరంతల తప్పింది." వాని కుడి చెయ్యి చూపుడు వేలి గోరు అంచున తెల్లగ సన్న గీత ఉంది, గోరు మాత్రమే తెగింది. ఆ గీత నాకు ఇప్పటికి కండ్ల ముంగటనే ఉంది. టేపు వేసింది వాడే, కాని ఆ రెండు రోజులు పొద్దున లేస్తె అర్జెంటు అర్జెంటు అని వాని నెత్తి మీద నిలబడింది నేను. 2016ల అయితె వాడు ఇది చెప్పకపోవు. వేలు పోయినంకనే నాకు తెలిసేది.

పది మంది ఉంటె ఈఎస్ఐ వర్తిస్తది, ఇరవై మంది ఉంటె పీఎఫ్. మా అసుంటి ఏడెనిమిది మంది షాపులు రెండిట్లకు రావు, కాబట్టి వేలు తెగితె దిక్కు ఓనరే. ఆ తెల్లారే అందర్ని బ్యాంకుకు తీసుకపోయి ప్రధానమంత్రి బీమాలు రెండు కట్టిపిచ్చిన. యాక్సిడెంటుకు ఉండే సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలు, జీవన్ జ్యోతికి 436, మనిషి పోతె ఒక్కోదానికి రెండు లక్షలు. కాకకు యాభై దాటినయి కాబట్టి జీవన్ జ్యోతి ఇయ్యలే, సురక్షా ఒకటే వచ్చింది. చిన్న షాపులు నడిపేటోళ్ళు ఇది చదువుతుంటె రేపే చేపియ్యున్రి, మనిషికి ఏడాదికి 456 రూపాయలు.

2023 ఎలక్షన్లు. నవంబర్ 30న పోలింగ్, ఆ నెల మొత్తం మెషిన్ చల్లారలే. ఒక రాత్రి నేను చుట్టాల ఇంట్ల పెండ్లికి జనగామ పోయిన, పదకొండింటికి ఫోన్. ఒక అభ్యర్థి మనుషులు. "మీ మనిషి మా పని ఆపిండు, 20,000 పాంప్లెట్లు పొద్దటికల్లా కావాలె" అని అవతలాయన గరమైతుండు. సంగతేందంటె పాంప్లెట్ కింద ప్రింటరు పేరు, పబ్లిషరు పేరు, అడ్రసు వద్దన్నరు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంల 127ఏ సెక్షను ప్రకారం ఎలక్షన్ పాంప్లెట్ మీద ఆ రెండు పేర్లు, అడ్రసులు ఉండాల్సిందే, పబ్లిషరు ఇద్దరు సాక్షులతోటి డిక్లరేషన్ రాసియ్యాలె, కొట్టినంక కాపీ జిల్లా అధికారులకు పంపాలె. లేకుంటె ఆరు నెలల దాక జైలు, రెండు వేల దాక జరిమానా, లేదంటె రెండు. కాకకు సెక్షను నంబరు తెల్వది, కింద పేరు లేకుంటె కొట్టొద్దు అన్నది మాత్రం తెలుసు. నలుగురు మనుషులు చుట్టు నిలబడి బెదిరిస్తుంటె మెషిన్ ఆపి, స్టూలేసుకొని కూసున్నడట.

ఫోన్ కాకకు ఇయ్యుమన్న. "కాకా, నువ్వు చేసిందే కరెక్టు, షట్టరు దించి ఇంటికి పో" అన్న, స్పీకర్ల పెట్టి అవతలోళ్ళకు కూడ వినపడేటట్టు. ఆ ఆర్డరు పోయింది, ఆ పార్టీ మళ్ళ రాలే, దగ్గర దగ్గర పదిహేను వేల పని. కాని నేను ఆ నిమిషంల "ఈ ఒక్కసారికి కొట్టు కాకా" అని ఉంటె ఆయన కొట్టేటోడు, ఆయనకు నేనంటె అంత గౌరవం. ఇగ ఆ తర్వాత జన్మల మెషిన్ ఆపకపోవు.

ఆ పెండ్లి కార్డు తాత 2022 చలికాలంల పోయిండు. తమ్ముడే చెప్పిండు పొద్దున వచ్చుకుంట. నాలుగు రోజులకు ఆయన కొడుకు దశదినకర్మ కార్డులకు మా షాపుకే వచ్చిండు, 200 కాపీలు. నేను ఆయన్ను చూసి లేచి నిలబడ్డ, ఏం అనాల్నో తెలువలే. ఆయనే అన్నడు, "మా నాయిన చెప్పేటోడు, మనింట్ల ఏ కార్డైనా ఆ పోరడు ఉన్న షాపులనే కొట్టియ్యున్రి అని."

చెల్లె ఖాళీ ఫైలు తెరిచింది. పేరు కొట్టింది, దాని ముంగట "కీ.శే." కొట్టేకాడ చెయ్యి ఆగింది, వెనకకు తిరిగి కటింగ్ మెషిన్ దిక్కు చూసింది. తర్వాత అలవాటు ప్రకారం పైకి చదివి వినిపిచ్చింది, కొడుకు ప్రతి పేరుకు తలకాయ ఊపిండు. కాక ఆ పని ఒక్కటి అయ్యేదాక వేరే ప్లేటు ముట్టుకోలే. ఎండినంక షీట్లు తమ్ముని కాడికి పోయినయి. షీట్లు సరిచేసి పెట్టి, రెండు చేతులు రెండు బటన్ల మీద పెట్టి, ఒత్తేముందు ఆగి, పైనున్న షీటు మీద ఆ పేరు ఒకసారి చదివిండు.